ప్రాక్సీ, కింది వరస

చచ్చిపోయాక మా అక్క అందరికీ నచ్చడం మొదలుపెట్టింది.

బతికుండగా "ఆవిడకి నోరెక్కువ" అన్నవాళ్లే ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "ఎంత నెమ్మదైన మనిషో" అన్నారు. ఆఫీసులో ఆమె పక్క సీటు గుమాస్తా ఫ్యాను గాలి విషయంలో ఆమెతో రోజూ తగువు పడేవాడు. అతను కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "సర్దుకుపోయే మనిషండీ" అన్నాడు. మేడ మీది ఇంటావిడ నీళ్ల మోటారు గురించి పోట్లాడి అక్కతో మాటలు మానేసిన మనిషి. ఆవిడా అదే మాట. సర్దుకుపోయే మనిషి. ఆ మాటని ఎవరో గుమ్మం దగ్గర బుట్టలో పెట్టి, లోపలికి వచ్చేవాళ్లకి తలా ఒకటి పంచుతున్నారా అనిపించింది నాకు. వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇస్తూ పళ్లు నూరుకున్నాను.

మా అక్క చెప్పుల సైజుకి కూడా సర్దుకోలేదు. ఆమెవి పెద్ద పాదాలు. చెప్పుల కొట్టతను "ఇవే వేసుకోండమ్మా, నడుస్తుంటే సాగుతాయి" అంటే, "సాగేవి చెప్పులా, నా వేళ్లా?" అని అడిగి, పక్క అరలోంచి మగవాళ్ల చెప్పులు తీయించి కొనుక్కొచ్చింది. ఆ చెప్పులే వేసుకుంటూ పోయింది. పొద్దున్నే ఆఫీసుకి బయలుదేరుతూ ఒకటి తొడుక్కుని, రెండోది తొడుక్కోబోతూ గోడకి ఆనుకుని కూలబడింది. మా బావ వంటింట్లోంచి వచ్చేసరికి అయిపోయింది. గుండె అన్నారు.

నేనిది రాస్తున్నది ఏడవడానికి కాదు. ఏడుపు ఇంట్లో ఏడ్చుకున్నాను. ఆమె చదివిన కాలేజీలో సంతాపసభ పెట్టి, ఆమెను ఇంకోసారి చంపారు. అందుకు రాస్తున్నాను.

*

అక్క గొంతు బొంగురుగా ఉండేది. బొంగురు అన్నది కూడా సరైన మాట కాదు. జీర ఉండేది కాదు. లోతుగా, నిండుగా, ఖాళీ డ్రమ్ములో మాట్లాడినట్టు ఉండేది. చిన్నప్పుడు జలుబు చేసిందనుకున్నారు. జలుబు తగ్గింది, గొంతు తగ్గలేదు. అమ్మకి అదో దిగులు. "కాస్త సన్నగా మాట్లాడవే" అనేది. "సన్నగా మాట్లాడితే నువ్వు వినిపించుకోవు కదమ్మా" అనేది అక్క. మా నాన్న టైలరు. ముందు గదిలో మిషను, వెనక గదిలో మేము. మిషను చప్పుడుకి మించి పిలిస్తేనే నాన్న తల ఎత్తేవాడు. నేను గొంతు చించుకున్నా ఎత్తని తల, అక్క మామూలుగా "నాన్నా" అంటే ఎత్తేవాడు. "దీని గొంతు చప్పుడు కింద నుంచి వస్తుంది, అందుకే చెవిన పడుతుంది" అనేవాడు.

కాలేజీలో చేరిన మొదటి వారంలోనే ఆ గొంతు గొడవ తెచ్చింది. ఫిజిక్సు చెప్పే మాష్టారు హాజరు పిలుస్తున్నారు. అక్క పేరు పిలిచారు. "ప్రెజెంట్" అంది అక్క. ఆయన పెన్ను ఆపేశారు.

"ఎవడ్రా అది, ఆడపిల్లకి ప్రాక్సీ చెప్పేది? లేచి నిలబడు!"

అక్క లేచి నిలబడింది. "నేనే మాష్టారూ."

"నువ్వు కూర్చోమ్మా. ఆ పలికినవాడు లేవాలి."

"పలికింది నేనే మాష్టారూ" అని అదే గొంతుతో ఇంకోసారి చెప్పేసరికి క్లాసంతా బెంచీలు విరిగేంతగా నవ్వింది. ఆ రోజు నుంచి కాలేజీలో అక్క పేరు ప్రాక్సీ. అసలు పేరు హాజరు పట్టీలో మిగిలిపోయింది.

ఆ మాష్టారే సాయంత్రాలు పాటల బృందం నడిపేవాడు. ఆయన్ని పిల్లలు తాళం మాష్టారు అనేవాళ్లు. పెద్ద హాలు తాళంచెవి ఎప్పుడూ ఆయన వేలికి వేలాడుతుండేది. ఆ చెవితోనే బల్ల మీద కొట్టి తాళం వేసేవాడు. వేసే తాళం ఆయనదే, తీసే తాళం ఆయనదే. నిజం చెప్పాలంటే పని తెలిసినవాడు. జనం నోళ్లలో నానే పాటలు, బస్సుల్లోనూ హోటళ్లలోనూ మోగే పాటలు తీసుకుని, క్యాసెట్టు వెనక్కీ ముందుకీ తిప్పి విని, పై వరస, మధ్య వరస, కింది వరస అని మూడుగా విడదీసేవాడు. మూడూ కలిసి పాడితే, రోజూ వినే పాటే అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా కొత్తగా ఉండేది.

ప్రాక్సీ గొడవ జరిగిన సాయంత్రం ఆయన అక్కని హాలుకి పిలిచి, కింది వరసలో ఒక ముక్క పాడించాడు. "ఇన్నాళ్లూ ఎక్కడున్నావే అమ్మాయ్?" అన్నాడట. ఆ మాట అక్క ఇంట్లో నాలుగైదుసార్లు చెప్పింది, ప్రతిసారీ ఇంకొంచెం లోతైన గొంతుతో. పుట్టి బుద్ధెరిగాక తన గొంతు ఎవరికైనా కావలసి రావడం అదే మొదటిసారి.

కింది వరసలో మగపిల్లలు ముగ్గురు ఉండేవాళ్లు. అందులో ఒకడికి మాత్రమే శ్రుతి తెలుసు. నడకని బట్టి వాణ్ని బాతు అనేవాళ్లు. మిగిలిన ఇద్దరూ వాడి గొంతు వెనక పడి నడిచే రకం. అక్క వచ్చి బాతు పక్కన నిలబడింది. మూడు వారాల్లో ఆ ఇద్దరూ బాతుని వదిలేసి అక్క వెనక పడ్డారు. బాతు కూడా పడ్డాడు.

"ఒసేయ్ ప్రాక్సీ, నువ్వు లీవు పెడితే మా ముగ్గురికీ ఆబ్సెంట్ పడుతుందే" అనేవాడు.

"అయితే నా పరీక్షలు కూడా మీరే రాయండ్రా" అనేది.

కింది వరసకి మాటలుండవు. అప్పుడు వాళ్లు సాధన చేస్తున్నది ఒక వాన పాట. పై వరస వాళ్లు మబ్బు గురించీ, గొడుగు మరిచిపోయిన పిల్ల గురించీ, ఆ పిల్ల జడ గురించీ అన్నీ చెప్పేసుకునేవాళ్లు. కింది వరసకి "ఊ... ఊహూ..." తప్ప ఏమీ లేదు. చివర మాత్రం ఒకే ఒక్క మాట: "తడిసే". ఆ మాటని అందరూ కలిసి సాగదీయాలి, తెగకుండా. ఎవరి ఊపిరీ అంతసేపు ఆగదు. అందుకని పక్కవాడు పాడుతుండగా నువ్వు దొంగతనంగా ఊపిరి తీసుకోవాలి, నువ్వు అందుకున్నాక వాడు తీసుకోవాలి. వినేవాళ్లకి అతుకు కనిపించకూడదు. అక్కా బాతూ దాన్ని ఎంత సాధన చేశారంటే, కాలేజీ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునేటప్పుడు కూడా ఒకరు ఊపిరి తీసుకుంటుంటే ఇంకొకరు మాట అందుకునేవాళ్లు.

ఆ బృందంలో ఇంకో పద్ధతి ఉండేది. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్లు మండే పద్ధతి. పోటీకి ముందు మాష్టారు వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి నోటి దగ్గర చెవి పెట్టి వినేవాడు. ఎవరి గొంతు నచ్చకపోతే వాళ్ల భుజం మీద తాళంచెవితో తట్టేవాడు. తట్టాడంటే నువ్వు వేదిక మీద నిలబడాలి, నోరు తెరవాలి, పెదవులు ఆడించాలి, చప్పుడు మాత్రం రాకూడదు. దాన్ని "తాళం పడింది" అనేవాళ్లు. తాళం పడ్డవాళ్లని చేపలు అనేవాళ్లు. వేదిక నిండుగా కనబడాలి కాబట్టి చేపలు కూడా కావాలి.

"వాళ్లకి బాధ ఉండదా అక్కా?" అని నేను అడిగాను. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను.

"ఉంటుంది. కానీ చేపలు ఏడ్చినా నీళ్లలో తెలియదు కదే" అంది. అప్పటికి అది ఆమెకి జోకు.

*

పోటీ పక్క ఊళ్లో. చుట్టుపక్కల కాలేజీలన్నీ వస్తాయి. కింది వరసకి తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. ఆడపిల్లలకి తెల్ల గౌను, మెడకి నీలం స్కార్ఫు. అక్క ఎటు? మాష్టారే చెప్పాడు: "నువ్వు కింది వరస మనిషివి. తెల్ల చొక్కా కుట్టించుకో, కింద నల్ల లంగా."

నాన్న ఆ చొక్కా కుట్టిన తీరు నాకు గుర్తుంది. మగవాళ్ల కాలరు ఆడపిల్ల మెడకి కుదరాలంటే మామూలు కొలత పనికిరాదని, రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టాడు. "ఊపిరి పీల్చు" అనేవాడు. అక్క పీల్చేది. టేపు పట్టుకుని చూసి, "పాడేటప్పుడు ఇంతే పీలుస్తావా, ఇంకా పీలుస్తావా?" అనేవాడు. ఊపిరికి కూడా కొలత తీసుకున్న టైలరు మా నాన్న.

తోడుగా చెల్లెల్ని తీసుకెళ్తేనే పంపిస్తానని అమ్మ పేచీ పెట్టింది కాబట్టి నేనూ వెళ్లాను. కాలేజీ బస్సులో పాటలే పాటలు. ఆ ఊరి టౌను హాల్లో వేదిక పక్క గదిలో అందరూ తలలు దువ్వుకుంటున్నారు. అప్పుడు వచ్చాడు ప్రిన్సిపాలు, వెనక ఫొటోగ్రాఫరు. వరసల్ని చూశాడు. అక్క దగ్గర ఆగాడు.

"ఈ అమ్మాయి మగపిల్లల మధ్య ఏమిటి? పేపర్లో ఫొటో పడుతుంది మాష్టారూ. చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"అవునవును సార్" అన్నాడు మాష్టారు.

అంతే. ఇన్ని నెలల సాధనా ఆ "అవునవును"లో కొట్టుకుపోయింది. ఈ అమ్మాయి లేకపోతే కింది వరస లేదని ఆయనకి తెలుసు. ఆ గదిలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. చెప్పలేదు. ప్రిన్సిపాలు వెళ్లాక అక్క దగ్గరికి వచ్చాడు.

"ఆడపిల్లల వరసలోకి వెళ్లమ్మా."

"అక్కడ నేనేం పాడాలి మాష్టారూ? ఆ వరస నాకు అందదు."

ఆయన తాళంచెవి ఎత్తి ఆమె భుజం మీద తట్టాడు. కొత్త చొక్కా భుజం మీద.

గదిలో దువ్వెనలు ఆగిపోయాయి.

"సర్దుకోమ్మా. ఒక్క పాటే కదా."

"ఆ ఒక్క పాట కోసమే కదా మాష్టారూ ఇన్నాళ్లూ వచ్చింది?"

"వాదించకు. టైము లేదు."

ఎవరో స్కార్ఫు తెచ్చి, కాలరు కనబడకుండా ఆమె మెడ చుట్టూ కట్టారు. ముడి నేనే సరిచేశాను. నాన్న రెండుసార్లు విప్పి కుట్టిన కాలరు నీలం గుడ్డ కింద నలిగిపోవడం నా వేళ్లకి తెలుస్తోంది. అక్క ముఖంలోకి చూడలేకపోయాను. బాతు గోడకి ఆనుకుని తన షూ లేసులు చూసుకుంటున్నాడు. అవి కట్టే ఉన్నాయి.

నేను హాల్లోకి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. తెర లేచింది. మా అక్క రెండో వరసలో, స్కార్ఫు కట్టుకుని, చేపలా నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ఇంట్లో అందరి గొంతుల కింద నుంచి వినబడే మా అక్క, వేదిక మీద పెద్ద దీపాల వెలుగులో చప్పుడు లేకుండా నోరాడిస్తోంది. పాట బాగానే సాగింది. పై వరస గొడుగూ జడా పాడేసింది. కింది వరసలో ఊ... ఊహూ... పలచగా, నీళ్లు కలిపిన పాలలా ఉంది. అయినా గట్టెక్కుతోంది.

చివరి మాటకి వచ్చారు. తడిసే.

బాతు ఊపిరి ఎప్పుడూ తీసుకునే చోటే తీసుకున్నాడు. అలవాటు. అక్కడ అక్క అందుకోవాలి. అక్క పక్కన లేదు. మిగిలిన ఇద్దరూ బాతు ఆగాడు కదా అని తామూ తడబడ్డారు. కింది వరస జారడం మొదలైంది. పై వరస వాళ్లు కళ్లు పక్కలకి తిప్పుతున్నారు. కాళ్ల కింద చాప లాగినట్టయింది వాళ్లకి. మాష్టారి చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

అప్పుడు అక్క అందుకుంది. రెండో వరసలోంచి, ఆడపిల్లల మధ్యలోంచి, స్కార్ఫు కింద నుంచి. ఆమె మెడ నరం నాకు కనబడింది. పాట కిందకి మళ్లీ నేల వచ్చింది. బాతు ఊపిరి తీసుకుని ఆమె గొంతు మీద కాలు పెట్టి ఎక్కాడు. మిగిలినవాళ్లూ ఎక్కారు. పాట ఎక్కడా తెగకుండా ముగిసింది.

మొదటి బహుమతి వచ్చింది. బహుమతి ఇచ్చిన సంగీతం టీచరమ్మ మైకులో, "ఆ చివర కింది వరస నిలబడిన తీరు అద్భుతం, మగపిల్లల్ని మెచ్చుకోవాలి" అంది. మాష్టారు కప్పు అందుకుని ముగ్గురు మగపిల్లల్నీ ముందుకి పిలిచాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లని చూశాం. వీళ్లు చెట్టు పేరు కూడా చెప్పలేదు. వాళ్లు ముందుకి వెళ్లారు. తలలు వంచుకుని చప్పట్లు కొట్టించుకున్నారు. పేపర్లో ఫొటో పడింది. అందులో అక్క నోరు మూసుకునే ఉంది.

తిరుగు బస్సులో ఎవరూ పాడలేదు. మాష్టారు ముందు సీట్లోంచి లేచి మా దగ్గరికి వచ్చాడు. నేను కిటికీ పక్కన, అక్క ఇవతల.

"నువ్వు పాడావు కదూ?"

"పాడాను."

"నీకు తాళం వేశాను."

"తీశాను మాష్టారూ."

ఆ మాట బస్సులో అందరూ విన్నారు. అక్క గొంతు మెల్లగా మాట్లాడినా వెనక సీటు దాకా వెళ్తుంది. ఆయన ముఖం నల్లబడింది.

"పాట పడిపోయినా నేను చూసుకునేవాణ్ని. క్రమశిక్షణ లేనివాళ్లు నాకక్కర్లేదు. రేపటి నుంచి హాలుకి రావద్దు."

అక్క వెనక్కి తిరిగి చూసింది. ఎవరైనా ఒకరు లేచి, "లేదు మాష్టారూ, ఆమె లేకపోతే మునిగేవాళ్లం" అంటే చాలు. పై వరస పిల్లలు ఒళ్లో స్కార్ఫులు మడత పెట్టుకుంటున్నారు. బాతు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బయట ఏమీ లేదు, ఎండిన పొలాలు, కరెంటు స్తంభాలు. వాటిని ఎంత శ్రద్ధగా చూశాడో! మర్నాడు పరీక్షలో స్తంభాల గురించి అడుగుతారన్నట్టు చూశాడు.

ఇంటికి వచ్చాక నాన్న మిషను ఆపి అడిగాడు. "కాలరు కుదిరిందా?"

"కాలరు కుదిరింది నాన్నా. నేనే కుదరలేదు."

*

మర్నాడు ఆమె ఇంట్లో కూర్చుని ఏడ్చిందని మీరనుకుంటే మా అక్క మీకు ఇంకా తెలియలేదు. మామూలు వేళకే కాలేజీకి వెళ్లింది. హాలు తలుపు వేసి ఉంది. వెనకవైపు కిటికీ కింద నిలబడి, లోపల వాళ్లు పాడుతుంటే బయటి నుంచి కింది వరస పాడింది. లోపల మాష్టారు కిటికీలు మూయించాడు. అసలే ఎండాకాలం, లోపలివాళ్లు ఉడికిపోయారు. అయినా గోడలోంచి వినబడుతూనే ఉంది. అలా వారం రోజులు. "నాకేం, నాకు గాలి ఉంది" అని ఇంటికొచ్చి చెప్పేది. చివరికి వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. అతని కోసం మానేసింది. మాష్టారి కోసం కాదు.

చదువయ్యాక నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర ఉద్యోగం వచ్చింది. బతుకంతా ఆ ఫోను దగ్గరే. ఎత్తి "చెప్పండి" అనగానే అవతలివాళ్లు, "సార్, మా వీధిలో నీళ్లు రావడం లేదు సార్" అనేవాళ్లు.

"సార్ కాదండీ. మేడం."

"సరే సార్."

కొందరు "ఆ మేడంని పిలవండి సార్" అనేవాళ్లు. అలా ఒకాయన వాళ్ల వీధి పైపు పగిలిందని నెలంతా ఫోను చేసి, చివరికి ఆ సార్ అంతు చూద్దామని నేరుగా ఆఫీసుకి వచ్చాడు. కళ్లజోళ్ల కొట్లో అద్దాలు అరగదీసే పని ఆయనది. "ఇక్కడ బొంగురు గొంతు సార్ ఎవరండీ?" అని అడిగాడు. అక్క ఫోను పెట్టేసి, "నేనే. ఏం, కొడతారా?" అంది. కొట్టలేదు, పెళ్లి చేసుకున్నాడు. మా బావ ఆయనే. "పైపు బాగుచేయించలేదు, నన్నే కట్టుకుంది" అని జీవితాంతం ఫిర్యాదు చేస్తూనే ఉన్నాడు.

వాళ్ల వంటింటికీ ముందు గదికీ మధ్య తలుపు లేదు. అక్క వంట చేస్తూ పాడేది. ఏం పాడేదో ఎవరికీ తెలిసేది కాదు. ఆమెకి ఏ పాటైనా కింది వరసే వచ్చు. పై వరస పాడాలని ఎప్పుడూ అనుకోలేదు. రేడియోలో పాట వస్తే దాని కింద చేరిపోయేది. రేడియో లేకపోతే ఒట్టి ఊ... ఊహూ... "పాటా అది? పక్కింట్లో ఎవరో గుసగుసలాడినట్టుంది" అనేది మా అమ్మ. బావ మాత్రం ఆ ఊహూలని బట్టే వంటింట్లో ఏం జరుగుతోందో చెప్పేసేవాడు. "ఇప్పుడు గొంతు దిగిందంటే పొయ్యి ఆర్పింది, లేవండి, కంచాలు పెట్టుకుందాం" అనేవాడు.

వేదిక మీద మళ్లీ పాడిందా? లేదు. ఆఫీసులో వీడ్కోలు సభలకి పాడమంటే, "నా పక్కన ఎవరు నిలబడతారు?" అని అడిగేది. వాళ్లకి ఆ ప్రశ్న అర్థమయ్యేది కాదు.

*

ఇక ఆ సభ. కాలేజీ వాళ్లు అదే పెద్ద హాల్లో పెట్టారు. బాతు ఫోను చేసి పిలిచాడు. ఇప్పుడాయన డ్రైవింగు స్కూలు నడుపుతున్నాడు. సభంతా ఆయనే ఏర్పాటు చేశాడట. బావ వెళ్దామన్నాడు కాబట్టి వెళ్లాను. వేదిక మీద అక్క ఫొటో, కింద "మన ప్రాక్సీ" అని అక్షరాలు. ముందు కుర్చీలో తాళం మాష్టారు. బాగా ముసలివాడైపోయాడు, చేతికర్ర వచ్చింది. వెనక ఇప్పటి బృందం పిల్లలు.

మాష్టారు లేచి మైకు పట్టుకున్నాడు.

"మంచి పిల్ల. గొంతు కొంచెం ఇబ్బంది. పోటీ రోజున నేను, అమ్మా, ఈసారికి మౌనంగా నిలబడు అంటే, నవ్వుతూ నిలబడింది. బృందం కోసం అంత త్యాగం! తరువాత పరీక్షలున్నాయని తనే మానుకుంది. ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. సర్దుకుపోయే మనిషి."

జనం చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు! ఆయన మరిచిపోయి అన్నాడా, మార్చి అన్నాడా అని తరువాత చాలామంది నన్ను అడిగారు. మరిచిపోవడానికి అయినా ఒక పద్ధతి ఉండాలి. తనకి పనికొచ్చే వైపుకే ఎందుకు మరిచిపోయాడు?

బాతు మైకు దగ్గరికి వచ్చాడు. "ఆమె ఆత్మశాంతి కోసం అందరం లేచి రెండు నిమిషాలు మౌనం..."

నేను అప్పటికే లేచి ఉన్నాను. "వద్దు" అన్నాను.

బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అమ్మాయ్, కూర్చో."

"కూర్చోను బావా. మా అక్కకి మౌనం ఇవ్వడానికి వీళ్లెవరు? ఆ రోజు ఇచ్చింది చాలలేదా?" హాలంతా నా వైపు తిరిగింది. నాది సన్న గొంతు, అక్క గొంతు నాకు రాలేదు. అయినా చెప్పాను. స్కార్ఫు గురించి, తాళంచెవి గురించి, బస్సు గురించి. "ఆమె నవ్వుతూ నిలబడలేదు. ఆమె మానుకోలేదు, మీరు గెంటేశారు. మీకు కప్పు తెచ్చిపెట్టినందుకు గెంటేశారు."

"అమ్మా, పాత విషయాలు ఇప్పుడెందుకు, మనిషే పోయాక..." అన్నాడు మాష్టారు.

"మనిషి పోయాకే కదా మీరు మొదలుపెట్టారు మాష్టారూ." బాతు వైపు తిరిగాను. "అన్నయ్యా, మౌనం మీకు బాగా వచ్చని నాకు తెలుసు. బస్సులో చూశాను. ఇప్పుడు వద్దు. ఆ కింది వరస పాడండి. చేతనైతే."

ఆయన మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పాడడనుకున్నాను. మైకు పక్కన పెట్టేశాడు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. ఊ... ఊహూ...

కింది వరస ఒక్కటే పాడితే అది ఏ పాటో ఎవరికీ తెలియదు. వెనక పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "ఇదేం పాటరా?" అని ఎవరో అన్నారు. నా పక్కన బావ మాత్రం తల ఎత్తాడు. "ఇది మా వంటింట్లోది" అన్నాడు, నాతో కాదు, ఎవరితోనూ కాదు. అన్నాక ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు.

మాష్టారి వేలు కుర్చీ చేతి మీద తాళం వేస్తోంది. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది. తాళం వెయ్యడం మాత్రం మరిచిపోలేదు.

చివరి మాట వచ్చింది. తడిసే. బాతుకి ఇప్పుడు అంత ఊపిరి లేదు. మాట మధ్యలో, ఎప్పుడూ ఆగే చోటే ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ అందుకోలేదు. కళ్లు తెరిచి మాష్టారి వైపు చూశాడు.

"ఇక్కడే మాష్టారూ" అన్నాడు. "ఇక్కడే ఆమె అందుకుంది. మేం కాదు."

మాష్టారి వేలు ఆగిపోయింది.

నేను బావని లేవదీసి బయటికి తీసుకొచ్చాను. మెట్ల దాకా బాతు మా వెనకే వచ్చి, నన్ను క్షమించమ్మా అన్నట్టు ఏదో అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. ఆ ఒక్క మాట ఆ రోజు బస్సులో అని ఉంటే ఆయన నోటి ముత్యాలు రాలిపోయేవా?